తారుమారైన రెండు సీసాలతో కోనసీమలో మూడు రోజులు

కోనసీమ వెళ్లొచ్చానని తెలిసి మా ఆఫీసులో అందరూ కొబ్బరితోటల గురించే అడిగారు. పూతరేకులు తెచ్చావా అన్నారు. తోటలు చూశాను, పూతరేకులూ తెచ్చాను. కానీ నేను వెళ్లింది ఇద్దరు పెద్దవాళ్ల ఎదుట నిలబడి నా తప్పు ఒప్పుకోవడానికి. ఆ సంగతి అడిగినవాళ్లకు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా. హైదరాబాదులో ఒక పరిశోధన ల్యాబులో పన్నెండేళ్లుగా టెక్నీషియన్‌ని. మెదడులో వెంట్రుకల్లాంటి రక్తనాళాలుంటాయి. బీపీ, షుగరు అదుపులో లేకపోతే అవి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దెబ్బతింటాయి. మతిమరుపంటే పేర్లు మరిచిపోవడమే అనుకుంటాం. ఈ రకంలో చాలామందికి ముందుగా తడబడేది అది కాదు. ఒక పని తరవాత ఇంకో పని వరసగా చెయ్యడం కష్టమవుతుంది, ఆలోచన మందగిస్తుంది. ఇంట్లోవాళ్లు గమనించేసరికి ఆలస్యమైపోతుంది. నాళాలు దెబ్బతింటున్నప్పుడు రక్తంలో కొన్ని ప్రొటీన్లు మామూలు కంటే ఎక్కువ కనిపిస్తాయి. వాటిని ముందే పసిగట్టి, బీపీని లొంగదీస్తే, జరగబోయే నష్టాన్ని ఆపగలమా అని చూడటమే మా ప్రాజెక్టు. ఇంకా పరిశోధన దశలోనే ఉంది. రక్తపరీక్ష ఒక్కటే దేన్నీ తేల్చదని కాగితం మీద అచ్చువేసి మరీ ఇస్తాం. అయినా ఆ కాగితాన్ని అందరూ తీర్పులాగే చదువుకుంటారు.

కిందటి ఆశ్వయుజంలో కొత్తపేటలో శిబిరం పెట్టాం. డిసెంబరు మొదట్లో అందరికీ ఫలితాలు పంపాం. ఫిబ్రవరిలో, మిగిలిన రక్తంతో జన్యుపరీక్షలు మొదలుపెట్టాక ఒక తేడా బయటపడింది. నలభై ఒకటో నంబరు మనిషి మా రికార్డుల్లో ఆడమనిషి. సీసాలో ఉన్న రక్తం మగమనిషిది. నలభై రెండో నంబరు సరిగ్గా దానికి తిరగబడి ఉంది. ఆ రోజు లేబుళ్లు అంటించింది నేనే. ఎవరో కాఫీ అందిస్తే తల తిప్పాను. అంతకు మించి చెప్పుకోవడానికి నాకు సాకు కూడా లేదు.

"రక్తం మళ్లీ తీసి చూస్తేగానీ ఏ ఫలితమూ ఖాయంగా చెప్పలేం. కానీ తప్పు జరిగిందని ఎదురుగా వెళ్లి చెప్పాలి. ఫోన్‌లో చెప్పే మాట కాదు," అన్నారు మా డాక్టరు గారు.

నేనే వెళ్తానన్నాను.

రావులపాలెం

రాజమండ్రిలో రైలు దిగి, బస్సులో గోదావరి దాటి రావులపాలెం చేరేసరికి ఎనిమిదైంది. అరటి మార్కెట్టు మంచి జోరు మీద ఉంది. సైకిళ్లకు రెండు వైపులా గెలలు వేలాడదీసుకుని, తొక్కకుండా తోసుకుంటూ వస్తున్నారు మనుషులు. లారీల్లో గెలలు నిలబెట్టి పేరుస్తున్నారు. మా వైపు అరటిపండు డజను లెక్కన కొంటాం. ఇక్కడ ఒకాయన నేను రెండు పళ్లు అడిగితే గెలలోంచి పది పళ్ల అత్తం తుంచి చేతిలో పెట్టాడు.

"రెండేవిటండీ, పది తీసుకోండి. బస్సులో తింటారు. ఇరవై ఇవ్వండి, చాలు."

"ఆయ్" అనే మాట మొదటిసారి విన్నది కూడా ఆయన నోటే. రాజోలు బస్సు ఇక్కడే ఆగుతుందా అంటే "ఆయ్" అన్నాడు. కొత్తపేట మీదుగానే కదా అంటే మళ్లీ "ఆయ్". ఆ ఒక్క అక్షరంలో అవునూ ఉంది, మర్యాదా ఉంది. మా ఊళ్లో అవునంటే తల ఊపి ఊరుకుంటాం.

నా సంచిలో రెండు కవర్లున్నాయి. ఒకటి పలివెలలో ఉండే సోమయాజులు గారికి. డెబ్బై మూడేళ్ల వేదపండితుడు. మీకేమీ ఫరవాలేదని ఆయనకు రాశాం. రెండోది రాజోలు దగ్గరి పల్లెలో ఉండే కరుణమ్మ గారికి. హెడ్‌మాస్టరుగా రిటైరైన టీచరు. మెదడు రక్తనాళాలు దెబ్బతింటున్న సూచనలున్నాయి, జాగ్రత్తపడాలని ఆవిడకు రాశాం. నిజం ఇందుకు తలకిందులుగా ఉండొచ్చు.

దారిలో ముందొచ్చేది పలివెల. కొత్తపేటలో దిగి ఆటో ఎక్కితే చాలు. బస్సు ఆగింది. కండక్టరు "కొత్తపేట, కొత్తపేట" అని రెండుసార్లు అరిచాడు. నేను సంచి పట్టుకుని లేచి, మళ్లీ కూర్చున్నాను. ముందు మంచి కబురు చెప్పి, కాస్త ధైర్యం తెచ్చుకుని, చెడ్డ కబురు రేపు చెబుదాం అనుకున్నాను. అది దయ అనుకున్నాను. పిరికితనమని మర్నాడు తెలిసింది.

రాజోలు దగ్గర

కరుణమ్మ గారి ఇల్లు పంటకాలవ గట్టునే. వారానికోసారి వచ్చే ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన ఊళ్లో పెరిగినదాన్ని. గుమ్మం ముందు అంత నీరు ఎవరినీ పట్టించుకోకుండా పోతుంటే కాసేపు చూస్తూ ఉండిపోయాను.

"ఎవరండీ? లోపలికి రండి," అంటూ ఆవిడే వచ్చారు. సన్నగా, నిటారుగా ఉన్నారు. తెల్ల చీర, జేబురుమాలు. నన్ను చూడగానే, "కొత్తపేట శిబిరంలో రక్తం తీసేరు కదూ. ఎడమ చెయ్యి కుదరక కుడి చేతికి మార్చేరు. మీ పేరు శైలజ," అన్నారు.

లోపల ప్రతి డబ్బా మీదా కాగితం అతికించి ఉంది. పంచదార, ఉప్పు, బొంబాయిరవ్వ. తలుపు వెనక అట్ట మీద పెద్ద అక్షరాలతో: గ్యాసు కట్టేనా, తాళం వేసేనా, కళ్లజోడు తీసుకున్నానా.

"మీ కాగితం వచ్చేక ఇవన్నీ రాసుకున్నానండీ. మరిచిపోయేక రాసుకోలేను కదా, ముందే రాసేసుకున్నాను."

నేను ఇంకా కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. సీసాలు మారినట్టు తెలిసిందనీ, మీకొచ్చిన ఫలితం మీది కాకపోవచ్చనీ, లేబులు అంటించింది నేనేననీ.

ఆవిడ ఏడవలేదు, సంతోషపడనూ లేదు. కుర్చీలో కూర్చుని, పిల్లని నిలబెట్టి అడిగినట్టు అడిగారు.

"ఎప్పుడు తెలిసింది?"

"పోయిన వారమండీ."

"నాది బాగానే ఉండొచ్చన్నమాట."

"ఉండొచ్చండీ. రేపు పొద్దున్న మళ్లీ తీసి చూస్తేగానీ..."

ఆవిడ చెయ్యెత్తి ఆపారు. పక్కగదిలో ఖాళీ మంచం ఉంది. పరుపు చుట్టేసి ఉంది. "మా పెద్దక్కది. సుగుణమ్మ. ఎనభై రెండేళ్లు, కళ్లు ఆనవు. పదకొండేళ్లు నేనే ఇన్సులిన్ చేసేను. కాగితం వచ్చేక భయమేసింది. ఒకసారి చేసి, మరిచిపోయి మళ్లీ చేసేస్తే? కాకినాడలో తమ్ముడి దగ్గరికి పంపించేసేను. వెళ్లనని మంచం కోడు పట్టుకుంది. వేళ్లు విడదీసి తీసుకెళ్లేరు."

నేను నేలకేసి చూస్తున్నాను. క్షమించమని అడిగితే ఆ మాట చాలా చిన్నదైపోతుందనిపించింది. అయినా అడిగాను.

ఆవిడ లేచి ఆ గది తలుపు దగ్గరికి వేశారు. తిరిగొచ్చి, "ఆ రోజు నా పక్కన కూచున్నది పలివెల పంతులుగారు," అన్నారు. "నాకు తీసేక ఆయనకే తీసేరు. నాది మారితే ఆయనతోనే మారాలి కదా. ఆయనకి చెప్పేరా?"

ఇంకొకరి విషయం నేను చెప్పకూడదు. మౌనంగా ఉన్నాను. టీచరుకు మౌనం చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

"చెప్పలేదు. ఆయన ఊరు దాటుకుని ముందు నా దగ్గరికొచ్చేరు." ఆవిడ గొంతులో మొదటిసారి కోపం వినిపించింది. "రేపు నేనూ వస్తాను. రెండున్నర నెలలు అది మోసినదాన్ని. ఎలా ఉంటుందో మీకేం తెలుసు?"

ఆ పూట నన్ను వాళ్లింట్లోనే ఉంచేశారు. చేపల పులుసు వండారు. మా ఇంట్లో చింతపండు వాడినంత ధారాళంగా ఇక్కడ కొబ్బరి వాడతారు. అన్నం ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. తమ్ముడి ఇంట్లో ఉన్న అక్కని తలుచుకున్నారు, పలివెల పంతులుగారినీ తలుచుకున్నారు. నా పేరు వస్తుందేమోనని భయపడుతూ విన్నాను. వచ్చింది.

అమలాపురం దారి

పొద్దున్నే బాగా మంచు. పరగడుపున టీచరు గారి రక్తం తీశాను. సీసా మీద పేరు ముందే రాసి, ఆవిడ చేత చదివించి, ఆ తరవాతే సూది గుచ్చాను. పేరు మళ్లీ ఒకసారి చూసుకున్నాను. "తొందరేం లేదు, సరిగ్గా చెయ్యండి," అన్నారు.

తొందర మాత్రం ఉంది. తీసిన రెండు గంటల్లోపు రక్తాన్ని యంత్రంలో తిప్పి, పైన తేరిన ద్రవాన్ని వేరుచేసి చల్లబరచాలి. అమలాపురంలో ఒక ల్యాబుతో ముందే మాట్లాడుకున్నాను. వాళ్ల ఊరి వీర్రాజు ఆటో మాట్లాడారు టీచరు గారు. యాభై ఏళ్ల మనిషి, ఆవిడ దగ్గరే చదువుకున్నాడట. మంచులో పది అడుగుల ముందు ఏముందో కనిపించడం లేదు. అడుగడుక్కీ హారన్ కొడుతూ పోనిచ్చాడు. అంబాజీపేటలో ఒక్క నిమిషం ఆపించి, పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు కట్టించుకున్నాం. ఇడ్లీ పిండే, కానీ ఆకు వాసన అంతా పిండిలోకి దిగి ఉంటుంది. ఆటోలోనే తిన్నాం. చెట్నీ నా ఒళ్లో ఒలికింది. ఆ మరకతోనే ల్యాబులోకి పరిగెత్తాను. ఇరవై నిమిషాలు మిగిలి ఉండగా సీసా యంత్రంలో పెట్టాను.

అక్కడినుంచి పలివెలకు ఫోన్ చేశాను, వస్తున్నామని చెబుదామని. సోమయాజులు గారి నంబరుకు చేస్తే ఆయన భార్య కామేశ్వరమ్మ గారు ఎత్తారు.

"ఆయన లేరమ్మా. కాట్రేనికోనలో ఒకళ్లింట్లో గృహప్రవేశం. పొద్దున్న ఆరింటికి మోపెడ్ మీద బయల్దేరేరు. ఫోను ఇక్కడే మరిచిపోయేరు. ఎనిమిదిన్నరకల్లా రావాలి, ఇంకా రాలేదని వాళ్లు ఇప్పుడే ఫోన్ చేసేరు. పదయింది. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

"ఎప్పుడూ మోపెడ్ మీదే వెళ్తారాండీ?"

"మధ్యలో మానిపించేం. మా తమ్ముడి కొడుకు దింపేవాడు. మీ రిపోర్టు బాగుందని వచ్చింది కదా, అప్పట్నించీ ఎవరి మాటా వినట్లేదు. నాకేం లేదని డాక్టర్లే రాసేరు కదా అంటారు. బీపీ మాత్రలూ సరిగ్గా వేసుకోవట్లేదు."

నిన్న కొత్తపేటలో దిగి ఉంటే ఈ పొద్దున ఆయన బండి తీసేవారు కాదు. టీచరు గారు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

"అమ్మా, నా పేరు కరుణమ్మండి, టీచర్ని. కంగారుపడకండి. బండి రంగేంటి? ఏ బట్టలు కట్టుకున్నారు? ముమ్మిడివరం మీదుగానే వెళ్తారా? ఆ ఊళ్లో ఇంకెవరైనా తెలుసా?" అన్నీ చేతిమీద రాసుకున్నారు. ఫోన్ పెట్టేసి, "నీలం బండి, పట్టుపంచె, ఎర్ర కండువా. పదండి," అన్నారు.

కాట్రేనికోన

మంచు విడిచింది. ఎండ పెళ్లున కాస్తోంది. ముమ్మిడివరంలో టీ కొట్టు దగ్గర ఆగి అడిగాం. "ఆయ్, పంతులుగారు వెళ్లేరండీ, ఏడున్నర అయి ఉంటుంది," అన్నాడు కొట్టతను. ఇంకాస్త దూరంలో, కొబ్బరికాయలు వొలుస్తున్నచోట ఒకాయన ఇనప గునపం ఆపి తలెత్తాడు. "నీలం బండేనా అండీ? ఇటు వెళ్లేరు. మళ్లీ వెనక్కొచ్చేరు. మళ్లీ ఇటే వెళ్లేరు. మూడోసారి ఎవరైనా కావాలాండీ అని అడిగేను. అక్కర్లేదన్నారు."

వీర్రాజు వెనక్కి తిరిగి టీచరు గారి మొహం చూశాడు. ఆవిడ "పోనీ," అన్నారు.

గృహప్రవేశం ఇంటికి వెళితే పందిరి కింద జనం ఆయన కోసమే చూస్తున్నారు. అక్కడికి రాలేదు. కాట్రేనికోన దాటాక తోటలు పల్చబడి రొయ్యల చెరువులు మొదలవుతాయి. రోడ్డు సన్నబడి చెరువు గట్టయిపోతుంది. రెండు వైపులా నీళ్లు, నీళ్లలో గాలి కలపడానికి గిరగిరా తిరుగుతున్న చక్రాలు. గట్టు ఎంత జారుడుగా ఉందో కనిపిస్తూనే ఉంది. రాజోలు కాలవని చూసి ముచ్చటపడ్డ నేనే ఇక్కడ ప్రతి చెరువులోకీ భయంగా తొంగిచూస్తున్నాను.

మేత బస్తాలు మోస్తున్న ఒకామెని అడిగాను.

"ముసలాయనాండీ? అదిగో ఆ షెడ్డులో కూచున్నారు. బండి గట్టు మీద పడిపోయింది. లేవదీసేం. మంచినీళ్లిస్తే మడి అన్నారు. కొబ్బరి బొండం కొట్టించి ఇచ్చేం, అదీ తాగలేదు. ఎవరికి ఫోన్ చెయ్యాలంటే చెప్పరండి. వస్తారు, వస్తారు అంటన్నారు."

షెడ్డులో మేత బస్తా మీద సోమయాజులు గారు కూర్చుని ఉన్నారు. పట్టుపంచె మోకాలిదాకా బురద. మోకాలిచిప్ప కింద దోక్కుపోయి రక్తం గడ్డకట్టింది. మమ్మల్ని చూసి లేవబోయారు.

"టీచరమ్మ గారా? కొత్తపేటలో కలిసేం కదూ? రండి, కూర్చోండి," అన్నారు, అది తన ఇల్లయినట్టు. ఆ మర్యాద చూస్తే నాకు ఏడుపొచ్చింది.

టీచరు గారు ఆయన పక్కనే ఇంకో బస్తా మీద కూర్చున్నారు. "దారి తప్పేరా పంతులుగారూ?"

"దారి తెలుసండీ. నలభై ఏళ్లుగా వస్తున్న ఊరు." ఆయన చేతులు చూసుకున్నారు. "మలుపు దగ్గరికొస్తాను. తిరగాలని తెలుసు. ముందు బ్రేకా, ముందు హ్యాండిలా, ముందు చెయ్యి చూపించడమా, అది తోచదు. తోచేలోపు మలుపు దాటిపోతుంది. వెనక్కొస్తాను. మళ్లీ అంతే. ఎవరినైనా ఏమని అడగను? దారి చెప్పండి అంటే చెబుతారు. ఇదెలా అడగాలి?"

నేను బీపీ పరికరం తీసి ఆయన చేతికి కట్టాను. అంకె చూసి పైకి చెప్పలేదు. వెంటనే అమలాపురం ఆసుపత్రికి వెళ్లాలన్నాను. ఆయన ససేమిరా అన్నారు. అక్కడ పందిట్లో జనం ఎదురుచూస్తున్నారు, నాకేం జబ్బు లేదు, మీరే రాసిచ్చేరు కదా అన్నారు.

చెప్పాల్సింది నేను. బీపీ పరికరం సంచిలో సర్దుకుంటూ ఉండిపోయాను. ఆ మాట చెప్పడానికి అనుమతి లేని మనిషి, నాకన్నా ఎక్కువ హక్కున్న మనిషి, టీచరు గారే చెప్పారు.

"పంతులుగారూ, ఆ రోజు సీసాలు మారిపోయాయండి. మీకొచ్చిన కాగితం నాది. నాకొచ్చింది మీది."

ఆయన నా వైపు చూశారు. నేను అవునన్నట్టు తల దించాను. మళ్లీ పరీక్ష చేసేదాకా ఖాయం కాదు అని సన్నగా అన్నాను. ఆయనకు అది వినబడిందో లేదో.

"రెండున్నర నెలలు మీ దగ్గరుందా అది?" అని టీచరు గారిని అడిగారు.

"ఉందండీ."

"మీరు మోసేరా?"

"మోసేనండీ."

ఆయన రెండు చేతులూ జోడించారు. టీచరు గారు ఆ చేతులు పట్టుకుని దించబోయి, మడి గుర్తొచ్చి ఆగిపోయారు. ఆయనే చేతులు ముందుకు చాపారు, ఏదో అందుకోబోతున్నట్టు.

"ఇలా ఇచ్చెయ్యండి. నాది నేను తీసుకుంటాను," అన్నారు.

మళ్లీ అమలాపురం

వీర్రాజు ఎంత వేగంగా నడిపాడో నాకు గుర్తులేదు. సోమయాజులు గారు ఆటోలో ఒకసారి కళ్లు మూసుకుంటే టీచరు గారు ఊరుకోలేదు. మీ గురువుగారి పేరేంటి, మీ ఊరి గుళ్లో స్వామి పేరేంటి అని ప్రశ్నలు వేస్తూనే ఉన్నారు. "ఉమా కొప్పులింగేశ్వరుడండీ," అని ఆయన కళ్లు మూసుకునే జవాబిచ్చారు. తప్పు పోలేదు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చిన్నవాడు, కానీ తొట్రుపడలేదు. మందు ఇచ్చి బీపీని నెమ్మదిగా దించారు. ఒక్కసారిగా దించకూడదట. సోమయాజులు గారు పొద్దుటినుంచీ ఏమీ తినలేదు కాబట్టి అక్కడే రక్తం తీశాను. సీసా మీద పేరు ఆయనే చదివారు, అక్షరం అక్షరం. పక్కన టీచరు గారూ చదివారు.

సాయంత్రానికి కామేశ్వరమ్మ గారు, తమ్ముడి కొడుకు వచ్చారు. ఆవిడ నేరుగా మంచం దగ్గరికి వెళ్లారు. కండువా తీసి తడి గుడ్డతో ఆయన పాదాల బురద తుడిచారు. తలలో స్కానింగు తీశారు. పక్షవాతం రాలేదు, కానీ పాత చిన్నచిన్న దెబ్బల గుర్తులున్నాయన్నారు డాక్టరు. అవి ఏ నొప్పీ లేకుండా, ఎవరికీ తెలియకుండా ఎప్పుడో తగిలినవి.

టీచరు గారు వరండాలోకి వెళ్లి కాకినాడకు ఫోన్ చేశారు. తలుపు పక్కనే ఉన్నాను కాబట్టి వినక తప్పలేదు.

"అక్కా, నాకేం లేదట. రిపోర్టు తప్పట. నేనొచ్చి తీసుకెళ్లిపోతాను." తరవాత చాలాసేపు విన్నారు. "అలా కాదక్కా," అన్నారు. మళ్లీ విన్నారు. "సరే," అన్నారు.

లోపలికొచ్చి నా ముందు కూర్చున్నారు. "రాదట. వేళ్లు విడదీసిన ఇంటికి రానంది."

పలివెల

మూడో రోజు ఆయన్ని ఇంటికి పంపించారు. నేనూ వెంట వెళ్లాను. వీధరుగు మీద ఇద్దరు శిష్యులు పుస్తకాలు మూసి నిలబడ్డారు. ఆయన లోపలికి వెళ్లి పడుకున్నారు. కామేశ్వరమ్మ గారు నాకు పనసపొట్టు కూర, ముద్దపప్పు వడ్డించారు. ఆవ పెట్టిన ఆ కూర మొదటి ముద్దకే ముక్కులోకి ఎక్కింది. సంగటి, ఊరుబిండి పచ్చడి తిని పెరిగిన నాలుకకి అలవాటు లేని ఘాటు. నీళ్లు తాగుతుంటే ఆవిడ నా ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పారు.

"ఆ కాగితం తప్పని నాకు తెలుసమ్మా."

నేను గ్లాసు దించాను.

"ఏడాదిగా పూజకి అన్నీ నేనే వరసలో పెట్టి ఇస్తున్నాను. ముందు ఇది, తరవాత ఇది అని. లేకపోతే ఆగిపోతారు. మీ కాగితం చూసి, పోనీలే వయసు అనుకుందామని చూసేను. అనుకోలేకపోయేను. మీకు ఫోన్ చెయ్యొచ్చు, నంబరుంది. చెయ్యలేదు. ఆ కాగితం వచ్చేక ఈయన ఎంత హుషారుగా తిరిగేరో! మళ్లీ పాతికేళ్ల కిందటి మనిషిలా అయ్యేరు. అది నేనెలా చెరపను?" ఆవిడ చీర కొంగుతో మొహం తుడుచుకున్నారు. "నిన్న ఆయన ఏ చెరువులోనో ఉంటే ఆ పాపం మీ ఒక్కరిదే అయ్యేది కాదు."

ఆవిడే లేచి మజ్జిగ పోశారు, తినమన్నారు. తిన్నాను.

వచ్చేశాక

మూడు వారాలకు ఫలితాలు వచ్చాయి. అనుకున్నట్టే. కరుణమ్మ గారి రక్తంలో ఏ తేడా లేదు. సోమయాజులు గారి దాంట్లో ఉంది. నేను పలివెలకు ఫోన్ చేశాను. ఆయన భార్యనూ దగ్గర కూర్చోబెట్టుకుని, స్పీకరు పెట్టమని, అంతా విన్నారు. ఏ మాత్ర ఎప్పుడు, ఉప్పు ఎంత, నడక ఎంత. బండి అమ్మేశారట. ఎక్కడికెళ్లినా బస్సేనట, ఆవిడా వెంట వెళ్తున్నారట. పారాయణలో ఇప్పుడు ముందుండి నడిపించడం లేదు, నలుగురితో కలిసి చెబుతున్నారు. మొన్న మా డాక్టరు గారు అక్కడికి వెళ్లి జ్ఞాపకశక్తి పరీక్షలు మళ్లీ పెట్టారు. బాగుపడలేదు, దిగజారనూ లేదు. దిగజారకపోవడమే మేం కోరుకునేది.

శిబిరాల్లో ఇప్పుడు ఎవరి సీసా మీద పేరు వాళ్లే చదివాకే రక్తం తీస్తున్నాం. నా ఉద్యోగం పోలేదు. పోయినా నేను అడగడానికేమీ లేదు.

కరుణమ్మ గారికి ఫలితం చెప్పడానికి పొద్దున్నే ఫోన్ చేస్తే లైను బిజీగా ఉంది. రెండోసారీ అంతే. మూడోసారి ఎత్తారు.

"పలివెలకి ఫోన్ చేస్తున్నానండీ," అన్నారు. "మాత్ర వేసుకున్నారా అని రోజూ అడుగుతాను. వేసుకున్నానంటే ఒప్పుకోను, ఖాళీ అయిన పట్టీ లెక్క చెప్పమంటాను. ఒకరోజు దబాయించేరు, దొరికిపోయేరు."

ఆవిడ రక్తం బాగుందని చెప్పాను. "ఆయ్," అన్నారు, ఇంకేమీ అడగలేదు. సుగుణమ్మ గారు వచ్చారా అని నేనే అడిగాను.

"రాలేదండీ. ప్రతి శనివారం నేనే వెళ్తున్నాను. పోయినవారం జడ వెయ్యనిచ్చింది," అన్నారు.